పచ్చిపాల గుట్టు విప్పిన పంతులమ్మ

పిల్లల్ని బడిలో దింపడానికి వచ్చే తల్లుల్లో ఏడాదికి ఒకరిద్దరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. పాలు కాస్తే సత్తువ పోతుందంటున్నారు, పిండిన పాలు పిండినట్టే పిల్లలకు పట్టించవచ్చా అని. మా హోసూరు వైపు పల్లెల్లో చాలా ఇళ్లలో పాడి ఉంది. చిన్నప్పుడు పొదుగు కింద చెంబు పెట్టి గుమ్మపాలు తాగామనీ, తమకేమీ కాలేదనీ చెప్పే తాతలు ఇంకా ఉన్నారు. కొత్తగా పట్నం వాళ్లు కూడా దేశవాళీ ఆవుపాలు, కాచనివి, మంచివంటూ ఎక్కువ ధర పెట్టి తెప్పించుకుంటున్నారు.

వద్దమ్మా, కాచే ఇవ్వండి అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు వద్దో చెప్పకపోతే ఆ మాట నిలవదు. అందుకు ఒకామె జీవితం చెప్పాలి. ఆమె కూడా పల్లె పిల్లలకు పాఠాలు చెప్పిన పంతులమ్మే. పేరు ఆలిస్ కేథరిన్ ఎవాన్స్.

ఆలిస్ 1881 జనవరి 29న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, బ్రాడ్‌ఫర్డ్ కౌంటీలో నీత్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరది. వేల్స్‌లో కూడా నీత్ అనే పట్టణం ఉంది. పుట్టిన నేల పేరు వెంట తెచ్చుకుని మరో చోట ఊరు కట్టుకోవడం మనకు తెలియని సంగతి కాదు. తల్లి ఆన్ పద్నాలుగేళ్ల వయసులో వేల్స్ నుంచి వచ్చారు. తండ్రి విలియం రైతు, భూములు కొలిచే సర్వేయరు, కొంతకాలం బడిపంతులు కూడా. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. ఆలిస్‌కు ఒక అన్న, మోర్గన్. పిల్లలిద్దరికీ తొలి అక్షరాలు తల్లిదండ్రులే ఇంట్లో నేర్పారు. ఆ తరువాత ఊళ్లోని ఒకే గది బడి. ఇంట్లో ఆవులుండేవి, పాలుండేవి. పాల గురించి ఆమెకు పుస్తకాల కన్నా ముందు పెరడే చెప్పింది.

పై చదువుకు టొవాండా పట్టణంలోని సస్క్వెహానా కాలేజియేట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడారు. ఆడపిల్లలు బంతి వెంట పరుగెత్తడం మర్యాద కాదని పెద్దలు మొహం చిట్లించే రోజులవి. 1901లో చదువు ముగిసింది. అప్పట్లో చదువుకున్న ఆడపిల్లకు దొరికే ఉద్యోగం దాదాపు ఒక్కటే, బడిలో పాఠాలు చెప్పడం. ఆమె అదే చేశారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు నాలుగేళ్లు చదువు చెప్పారు. ఆ పని ఆమెకు పెద్దగా నచ్చలేదు, విసుగు పుట్టింది. ఉపాధ్యాయురాలిగా ఈ మాట రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉన్నా, దాచడం ఎందుకు?

కార్నెల్ విశ్వవిద్యాలయం పల్లె బడుల ఉపాధ్యాయుల కోసం రెండేళ్ల ప్రకృతి పాఠాల కోర్సు నడిపేది. ఫీజు లేదు. చెట్లు, పురుగులు, పక్షుల గురించి టీచర్లకు నేర్పితే వాళ్లు పల్లె పిల్లలకు చెబుతారన్నది ఉద్దేశం. ఆలిస్ అందులో చేరారు. చేరాక తిరిగి బడికి రాలేదు. విజ్ఞానశాస్త్రం రుచి తెలిసింది, ముఖ్యంగా కంటికి కనిపించని జీవుల శాస్త్రం. 1909లో కార్నెల్‌లోనే సూక్ష్మజీవశాస్త్రంలో డిగ్రీ, మరుసటి ఏడు స్కాలర్‌షిప్ మీద విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్ పూర్తిచేశారు. అక్కడ ఆమెకు దారి చూపిన ఆచార్యుడు ఎల్మర్ మెకాలమ్, తరువాత విటమిన్ల పరిశోధనలో పెద్ద పేరు తెచ్చుకున్నాయన. పీహెచ్‌డీ చేయమని ప్రోత్సహించారు. ఆమె చేయలేదు, ఉద్యోగంలో చేరారు. ఆ పట్టా లేకపోవడం ముందు ముందు ఆమెకు ఎంత అడ్డయిందో చూస్తాం.

ఉద్యోగం అమెరికా వ్యవసాయశాఖలోని పాడి విభాగంలో. మొదటి మూడేళ్లు విస్కాన్సిన్‌లోనే ఉండి జున్నుగడ్డకు, అంటే చీజ్‌కు, మంచి రుచి తెచ్చే సూక్ష్మజీవులేవో పరిశోధించారు. 1913లో వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రయోగశాలకు పంపారు. సైంటిస్టుగా ఒక మహిళ వస్తోందని తెలిసి అక్కడి అధికారులు కుర్చీల్లోంచి పడిపోయినంత పని చేశారని ఆమె చెవిన పడిందట. వచ్చినామెను వెనక్కి పంపలేక ఉండనిచ్చారు.

అక్కడ ఆమెకు అప్పగించిన పని చూడటానికి చిన్నదే. ఆవు పొదుగు నుంచి అప్పుడే పిండిన పాలలో ఏయే సూక్ష్మజీవులు ఉంటాయో చూడటం.

ఆ రోజుల్లో జనం నమ్మకం ఏమిటో తెలిస్తే గానీ ఈ పని విలువ తెలియదు. పాలు పొదుగులో ఉన్నంతసేపు శుద్ధమైనవే, పాడయ్యేది బయటికి వచ్చాక అని అందరూ అనుకునేవారు. పిండేవాడి చేతులు, చెంబు, పేడ, దుమ్ము, ఈగలు, నీళ్లు కలపడం, ఇవే శత్రువులు. అందులో నిజం లేకపోలేదు. నగరాల్లో మురికి పాలు తాగి వేసవిలో పసిపిల్లలు చనిపోయేవారు. న్యూయార్క్‌లో నాథన్ స్ట్రాస్ అనే వ్యాపారి 1893 నుంచే వేడిచేసి శుభ్రపరిచిన పాలను పేదల పిల్లలకు అందించే కేంద్రాలు తెరిచారు. అయినా చాలామంది ఆలోచన ఒక్కటే. శుభ్రమైన కొట్టం, ఆరోగ్యంగా కనిపించే ఆవు, కడిగిన చేతులు ఉంటే చాలు, పచ్చిపాలకు ఏ భయమూ లేదు. నిజం చెప్పాలంటే ఈనాటికీ మన ఊళ్లలో వినిపించే వాదన ఇదే. మా ఆవు మా కళ్లముందే ఉంది, దానికి రోగమెక్కడిది అంటారు.

ఇక్కడ కాస్త వెనక్కి, మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవికి వెళ్లాలి. అక్కడి బ్రిటిష్ సైనికులను ఒక వింత జ్వరం పీడించేది. కొన్నాళ్లు వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చేది. రాత్రిళ్లు దుప్పటి తడిసేలా చెమట, కీళ్ల నొప్పులు, నడుము నొప్పి, లేవలేని నీరసం. నెలల తరబడి సాగేది. 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ దానికి కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అది ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం చాలాకాలం తెలియలేదు. 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిత్ పరీక్షించి చూస్తే మేకల్లో బయటపడింది. మేకలేమో నిక్షేపంగా ఉన్నాయి. వీధుల్లో తిరుగుతూ ఇంటి గుమ్మంలోనే పాలిచ్చే మేకలవి. సైనికులకు ఆ పాలు ఆపేశాక జ్వరాలు గణనీయంగా తగ్గిపోయాయి.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. మాల్టా మేకలు పాలు బాగా ఇస్తాయని అమెరికా వ్యవసాయశాఖే అరవైకి పైగా మేకలను కొని జాషువా నికల్సన్ అనే ఓడలో ఎక్కించింది. దారిలో ఓడ సిబ్బంది ఆ పాలు కడుపారా తాగారు. వాళ్లలో చాలామంది మాల్టా జ్వరంతో పడిపోయారు. మేకలకు మాత్రం బయటికి ఏ జబ్బూ కనిపించలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే డెన్మార్క్‌లో వేరే కథ నడిచింది. ఆవులు నెలలు నిండకుండానే ఈసుకుపోతుండేవి, అంటే చూలు నిలవక దూడ పడిపోయేది. ఒక ఆవుకు వస్తే కొట్టమంతా పాకేది. 1897లో పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ దానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించారు. అది పశువుల జబ్బని, మనిషికి దానితో పనిలేదని అందరూ తేల్చేశారు. మాల్టా క్రిమిని వైద్యులు గుండ్రటి జాతిలో చేర్చారు, బాంగ్ క్రిమిని పశువైద్యులు కడ్డీ ఆకారపు జాతిలో వేశారు. అది మేకది, ఇది ఆవుది. అది మనిషి డాక్టర్లది, ఇది పశువుల డాక్టర్లది. ఇరవై ఏళ్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆలిస్ ఎవాన్స్ చేసింది అదే. పైకి ఏ రోగమూ కనిపించని ఆవుల పొదుగు నుంచి నేరుగా తీసిన పాలలో బాంగ్ క్రిమి ఆమెకు కనిపిస్తూ వచ్చింది. కొట్టం శుభ్రం, చేతులు శుభ్రం, ఆవు ఆరోగ్యం, అయినా పాలలో అది ఉంది. చెంబులోంచో ఈగల వల్లో వచ్చింది కాదు, పొదుగులోనే ఉంది. ఆ తరువాత మాల్టా క్రిమిని తెప్పించి రెంటినీ ఒకే రకంగా పెంచారు. మామూలు పరీక్షల్లో ఏది ఏదో చెప్పడం కుదరలేదు. చూలుతో ఉన్న గినీపందులకు ఎక్కించి చూస్తే రెండూ ఒకే ఫలితమిచ్చాయి. గుండ్రటిదీ కడ్డీలాంటిదీ అనుకున్నవి ఒకే కుటుంబానికి చెందిన అక్కచెల్లెళ్లని తేలింది.

అక్కడి నుంచి వచ్చే ప్రశ్న చిన్నపిల్లలకు కూడా తోస్తుంది. మేక పాలలోని క్రిమి మనిషికి జ్వరం తెప్పిస్తే, దాని చెల్లెలు ఆవు పాలలో ఉండి ఊరుకుంటుందా? ఆమె 1917లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్తల సభలో తన ఫలితాలు చెప్పి, పచ్చిపాలు ప్రమాదం కావచ్చునని, పాలు వేడిచేసి వాడటమే మేలని సూచించారు. 1918లో వ్యాసం అచ్చయింది.

ఎవరూ నమ్మలేదు. ఇంత పెద్ద సంగతి నిజమైతే ప్రపంచంలోని మహామహులకు ఇంతకాలం ఎందుకు కనిపించలేదని అడిగారు. దేశమంతా పచ్చిపాలు తాగుతోంది, మరి రోగులేరీ అన్నారు. ఇందులో ఒక చిక్కుంది. రోగులు లేక కాదు, వారికి ఆ రోగం పేరు పెట్టే డాక్టర్లు లేక. ఆ జ్వరాన్ని ఒకరు టైఫాయిడ్ అనేవారు, ఒకరు మలేరియా, ఒకరు క్షయ, ఒకరు కీళ్లవాతం అనేవారు. ఆవు పాల క్రిమి మేకపాల క్రిమి అంత తీవ్రంగా కూడా ఉండదు, అందువల్ల మరీ సులువుగా దాక్కునేది. పాల వ్యాపారులైతే ఆమె పాలు వేడిచేసే యంత్రాలు తయారుచేసే కంపెనీలతో కుమ్మక్కయిందని అనుమానించారు. పైగా ఆమె మహిళ, పీహెచ్‌డీ లేదు, పశువైద్యురాలు కాదు, డాక్టరు కాదు. ఇవేవీ సూక్ష్మదర్శినిలో కనిపించినదాన్ని మార్చేవి కావు గానీ, సభలో మాట చెల్లాలంటే ఆ రోజుల్లో ఇవన్నీ లెక్కలోకి వచ్చేవి. ఈ రోజుల్లో కూడా రావని చెప్పలేను.

1918లోనే ఆమె వ్యవసాయశాఖ వదిలి ప్రజారోగ్య విభాగపు హైజీనిక్ లేబొరేటరీకి మారారు. తరువాతి కాలంలో ఇదే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ అయింది. అక్కడ మెదడు పొరల వాపు తెచ్చే క్రిముల మీద పనిచేశారు, ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి వచ్చినప్పుడు దాని పరిశోధనలోకి మారి తానే ఆ జ్వరాన పడ్డారు. 1920లో కాలిఫోర్నియాలో కార్ల్ మేయర్, ఆయన సహచరులు ఆలిస్ చెప్పినది సరైనదేనని తేల్చి, రెండు క్రిములనూ ఒకే జాతిలో చేర్చి డేవిడ్ బ్రూస్ పేరు మీద బ్రూసెల్లా అని పేరు పెట్టాలన్నారు. అలా ఆ జబ్బుకు బ్రూసెల్లోసిస్ అన్న పేరొచ్చింది. ఆలిస్ పేరు మాత్రం దానిలో ఎక్కడా లేదు.

1922 అక్టోబరులో ఆమెకే ఆ జబ్బు సోకింది. పాలు తాగి కాదు, ప్రయోగశాలలో ఆ క్రిములతో పనిచేస్తుండగా. వయసు 41. జ్వరం, నొప్పులు, మంచం. కొన్ని వారాలకు తగ్గి లేచి పనికి వెళ్లేవారు, మళ్లీ పడిపోయేవారు. ఇలా ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, దాదాపు ఇరవై ఏళ్ల పైచిలుకు. ఆ జబ్బుకు అప్పటికి మందు లేదు. యాంటీబయాటిక్ మందులు వచ్చేసరికి ఆమె ఉద్యోగ జీవితమే ముగిసిపోయింది.

జ్వరం కన్నా కష్టమైనది ఇంకొకటి. రక్త పరీక్షల్లో జబ్బు స్పష్టంగా తేలని రోజుల్లో డాక్టర్లు ఆమెది నరాల బలహీనత అన్నారు. మర్యాదగా చెప్పిన మాటే గానీ దాని అర్థం, జబ్బేమీ లేదు, అంతా మనసులోదే అని. నటిస్తోందని అనుకున్నవాళ్లు కూడా ఉంటారన్న బాధ ఆమెకు ఉండేది. ఆ జబ్బు గురించి దేశంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషికే ఆ జబ్బు లేదని చెప్పారు. 1928లో ఆమె శరీరం నుంచే ఆ క్రిమిని వేరుచేసి చూపాక గానీ ఆ మాట ఆగలేదు. ఏళ్ల తరబడి సాగే బ్రూసెల్లోసిస్ ఉంటుందని, అది పైకి సోమరితనంలా, దిగులులా కనిపిస్తుందని ఆమె తరువాత ఎంతో శ్రమపడి వైద్యులకు చెప్పారు. అది చెప్పే హక్కు ఆమెకన్నా ఎవరికుంది?

ఇంత జబ్బులోనూ వాదం ఆగలేదు. ఆమెను ఒప్పుకోని వారిలో అందరికన్నా పెద్ద పేరు థియోబాల్డ్ స్మిత్‌ది. పశువుల జ్వరాన్ని పిడుదులు మోసుకొస్తాయని 1893లో నిరూపించిన మహా శాస్త్రవేత్త ఆయన. ఆవు క్షయ క్రిమి, మనిషి క్షయ క్రిమి వేరువేరని చూపించింది కూడా ఆయనే. అలాంటి మనిషి ఆవు పాల బ్రూసెల్లా మనుషులకు ప్రమాదమంటే నమ్మలేకపోయారు. అమెరికా వైద్యరంగానికి పెద్దదిక్కయిన విలియం వెల్చ్ 1925 ప్రాంతంలో వీరిద్దరి మధ్య సయోధ్య కుదర్చాలని చూశారు. స్మిత్‌ను నేను తప్పుపట్టను. ఆయన అడిగింది రోగుల రుజువులు. ఆ రుజువులు వచ్చాయి. 1920ల చివరికల్లా అమెరికాలో, ఆఫ్రికాలో, యూరప్‌లో మేకల మొహం కూడా చూడని మనుషుల్లో, పచ్చి ఆవుపాలు తాగిన కుటుంబాల్లో, కబేళా కార్మికుల్లో, రైతుల్లో, పశువైద్యుల్లో ఈ జ్వరం ఒక్కొక్కటిగా బయటపడింది. వెతకడం తెలిశాక దొరికింది.

1928లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్తల సంఘానికి ఆలిస్ ఎవాన్స్ అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలో కూర్చున్న తొలి మహిళ ఆమె. పదకొండేళ్ల క్రితం ఆమె మాట నమ్మనిది ఆ సంఘం సభలోనే.

ఇక పాల సంగతి. లూయీ పాశ్చర్ 1860లలో ద్రాక్షసారా పులిసిపోకుండా కొద్దిగా వేడిచేసే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి పాలకు వచ్చేసరికి రెండు రకాలుగా స్థిరపడింది. 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచడం ఒకటి, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరచడం ఇంకొకటి. బ్రూసెల్లా, క్షయ క్రిములు ఈ వేడికి చస్తాయి. 1908లో షికాగో నగరం పాలను ఇలా వేడిచేసి అమ్మాలని నిబంధన తెచ్చింది, తరువాత మిగతా నగరాలు. రైతులు, వ్యాపారులు చాలాకాలం ఎదిరించారు. ఆలిస్ పరిశోధన తరువాత శుభ్రత ఒక్కటే చాలన్న వాదన నిలబడలేకపోయింది, ఎందుకంటే లోపం కొట్టంలో లేదు. 1930లలో పాశ్చరైజేషన్ వేగంగా వ్యాపించింది. అయినా పల్లెల్లో పచ్చిపాలు ఆగక 1947లో అమెరికాలో బ్రూసెల్లోసిస్ కేసులు 6,321 నమోదయ్యాయి. మరుసటి ఏడాది నుంచి మిషిగన్ రాష్ట్రం అమ్మే పాలన్నీ పాశ్చరైజ్ చేసే తీరాలంది. పశువులకు టీకాలు, రోగం ఉన్న పశువుల ఏరివేత తోడయ్యాయి. ఇప్పుడు అక్కడ ఏడాదికి ఆ కేసులు సుమారు వంద.

మన దేశంలో ఈ జబ్బు పశువుల్లో ఇంకా ఉంది. అందుకే కేంద్ర ప్రభుత్వం 2019లో గాలికుంటుతో పాటు బ్రూసెల్లోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడ దూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేస్తారు. పాడి ఉన్నవాళ్లు ఈ వయసు దాటిపోకముందే పశువైద్యశాలలో అడగాలి. మగ దూడలకు, చూలుతో ఉన్న పశువులకు ఈ టీకా వేయరు.

మనల్ని ఇన్నాళ్లూ కాపాడింది చట్టం కాదు, పొయ్యి. పాలు తేగానే కాచడం మన ఇళ్ల అలవాటు. పొంగు వచ్చేదాకా కాచితే బ్రూసెల్లానే కాదు, క్షయ, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే క్రిములు కూడా పోతాయి. పైన మీగడ కట్టి, పాలన్నీ సమంగా వేడెక్కక ముందే పొంగినట్టు కనిపించవచ్చు కాబట్టి గరిటెతో కలుపుతూ కాచాలి. ప్యాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి. అయితే దుకాణంలో ఫ్రిజ్ బయట పెట్టి అమ్మినవైతే వాటినీ కాచుకోవడమే మంచిది.

చిక్కంతా కాచకుండా వాడే సందర్భాల్లో. గుమ్మపాలు ఒకటి. పచ్చిపాల మీది మీగడ తీసి చిలికిన వెన్న ఒకటి, నెయ్యి కాచేది కాబట్టి దానికి భయం లేదు. పచ్చిపాలనే తోడుపెట్టిన పెరుగు. పులుపుకు క్రిములు చచ్చిపోతాయని కొందరంటారు, బ్రూసెల్లా విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. జున్నుపాలను ఉడికించి జున్ను చేస్తాం కాబట్టి ఫరవాలేదు, పచ్చి జున్నుపాలు నాకించడం మాత్రం వద్దు. గుళ్లో అభిషేకం చేసిన పచ్చిపాలు తీర్థంగా ఇస్తే పెద్దవాళ్లు కళ్లకద్దుకుని ఉంచుకోవచ్చు, పసిపిల్లలకు, గర్భిణులకు పట్టించవద్దు. డెంగీ జ్వరాలు వచ్చినప్పుడల్లా మేకపాలకు గిరాకీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న నమ్మకంతో కొందరు కాచకుండా తాగిస్తారు. మాల్టా కథ చదివాక ఆ గ్లాసు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కాస్తే సత్తువ పోతుందన్న భయానికి సమాధానం కూడా చెప్పాలి. పాలు కాచినా మాంసకృత్తులు, కాల్షియం ఎక్కడికీ పోవు. సి విటమిన్, బి విటమిన్లలో కొన్ని కొంత తగ్గుతాయి. సి విటమిన్ కోసం మనం పాల మీద ఆధారపడం, ఒక జామకాయో, ఉసిరికాయో అంతకు ఎన్నో రెట్లు ఇస్తాయి. తాతలకేమీ కాలేదన్న మాటకు వస్తే, కాని తాతలే ఇప్పుడు మనతో మాట్లాడుతున్నారు. వంగిన నడుముతో, విడవని జ్వరంతో మంచం పట్టినవాళ్లకు అది పాల వల్లనో కాదో చూసినవారు ఆ రోజుల్లో లేరు.

పాలు ఒక్కటే కాదు. ఆవు ఈసుకుపోయినప్పుడు పడిన దూడను, మాయను ఒట్టి చేతులతో తీయడం కూడా ఈ జబ్బుకు పెద్ద దారి. ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని తీసి, సున్నం వేసి లోతుగా పూడ్చాలి, కుక్కలకు వదలకూడదు. పశువుల పనిచేసే ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి ఉంటే డాక్టరుకు ఇంట్లో పశువులున్నాయని, పచ్చిపాలు తాగామని తప్పక చెప్పండి. అడగకపోయినా చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన రక్తపరీక్షకు దారి దొరుకుతుంది. ఇప్పుడు మందులున్నాయి. మధ్యలో మానకుండా కనీసం ఆరు వారాలు వాడాలి.

ఆలిస్ ఎవాన్స్ 1945లో ఉద్యోగ విరమణ చేశారు. పెళ్లి చేసుకోలేదు. పీహెచ్‌డీ లేని ఆమెకు అప్పటికే రెండు సంస్థలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి, 1948లో తాను చదివిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కూడా ఇచ్చింది. తరువాత ఆడపిల్లలకు విజ్ఞానశాస్త్ర ఉద్యోగాల గురించి ప్రసంగాలు చేశారు. జ్వరం చివరికి ఆమెను వదిలేసింది.

చివరి గొడవ ఒకటి చెప్పాలి. 1966లో వృద్ధుల వైద్య సహాయానికి దరఖాస్తు పెడితే, అందులో తాను కమ్యూనిస్టు సంస్థల్లో సభ్యురాలిని కానని రాసివ్వాలన్న షరతు ఉంది. అప్పటికి ఆమెకు 85 ఏళ్లు. ఆ సహాయం కావలసిన వయసే. అయినా వైద్యానికి, ఒక మనిషి అభిప్రాయాలకు సంబంధమేమిటని ఆ షరతును ఎదిరించారు. అది రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛకు విరుద్ధమన్నారు. 1967 జనవరిలో ప్రభుత్వ న్యాయశాఖ ఆమె వాదన సరైనదేనని ఒప్పుకుంది. ఈసారి పదేళ్లు పట్టలేదు.

1975 సెప్టెంబరు 5న వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాలో పక్షవాతంతో ఆమె కన్నుమూశారు. వయసు 94.